గుళికకు ముందు మూడు వారాలు

కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువుల మీదుగా వెళ్లినవారికి అక్కడ మేత పెట్టే తీరు తెలుసు. నీళ్లలో వరసగా పాతిన కర్రలకు చిల్లుల సంచులు కట్టి ఉంటాయి. వాటిలో తవుడు, నూనెగింజల చెక్క నింపితే బొచ్చె, శీలావతి చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి ఆనించి లాక్కుని తింటాయి. ఇప్పుడు నీటి మీద తేలే గుళికల మేత వాడేవారూ ఎక్కువయ్యారు. ఈ అలవాటు ఎరిగిన మనిషి ఒక సముద్రపు చేపల హేచరీలోకి అడుగు పెడితే ఆశ్చర్యపోతాడు. అక్కడ చేపపిల్లల తొట్లకు తోడు, ఆ పిల్లల తిండిని బతికించి పెంచే తొట్లు బారులు తీరి ఉంటాయి. ఒకదానిలో పచ్చని నీరు, ఇంకోదానిలో కంటికి ఆనని పురుగులు, మరోదానిలో నారింజ రంగులో కదులుతున్న నలుసులు. అతను అడిగే ప్రశ్న సూటిగానే ఉంటుంది: ఇంత తతంగం ఎందుకు? గుళికలనే మెత్తగా నూరి చల్లితే పిల్లలు తినవా?

మొదటి రెండు వారాలు తినవు. కొన్ని తిన్నా ఒంటపట్టదు. మూడో వారంలో, ఎంతో ఓపిగ్గా నేర్పితే, తినడం మొదలుపెడతాయి. ఈ నేర్పడాన్నే హేచరీల్లో వీనింగ్ అంటారు. ఇక్కడ దాన్ని మేత మళ్లింపు అని పిలుచుకుందాం. చేపల పెంపకంలో బయటివారికి అతి తక్కువగా తెలిసిన పని ఇదే. పిల్లలు ఎక్కువగా చచ్చిపోయే దశల్లో ఇదీ ఒకటి.

గుడ్డు చిన్నది, గడువు చిన్నది

ఈ కథకు సరైన ఉదాహరణ పండుగప్ప. ఆంధ్ర తీరంలో ఉప్పుటేళ్లలో, నదీ ముఖాల్లో దొరికే ఈ చేపకు సంతలో ఎప్పుడూ మంచి ధరే. నదుల్లోకి ఎగబాకి పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి మాత్రం ఉప్పునీటికి దిగుతుంది. మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్ల తర్వాత ఆడచేపగా మారుతుంది. పూర్వం దీన్ని పెంచాలంటే సముద్రపు అంచున వలలో చిక్కిన పిల్లల మీదే ఆధారపడేవారు. థాయిలాండ్‌లోని సోంగ్‌ఖ్లాలో 1970లలో ఈ చేప చేత గుడ్లు పెట్టించడం సాధ్యమైంది. మన దేశంలో చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా 1997లో ఆ పని చేసి చూపించింది. తమిళనాడు తీరంలో తిరుముల్లైవాసల్ దగ్గర, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడాకు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం కూడా పండుగప్ప పిల్లలను ఉత్పత్తి చేస్తోంది.

గుడ్లు పెట్టించడం ఒక మెట్టు మాత్రమే. పెద్ద ఆడచేప ఒక్క రాత్రిలో లక్షల గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు అడ్డుకొలత మిల్లీమీటరుకు కాస్త తక్కువ, సుమారు 0.8 మిల్లీమీటర్లు. వెచ్చని నీటిలో 16, 17 గంటలకే పిల్ల బయటికొస్తుంది. అప్పుడు దాని పొడవు మిల్లీమీటరున్నర. నోరు ఉండదు. కళ్లకు ఇంకా రంగు పట్టదు. పొట్ట కింద అంటుకుని ఉన్న పచ్చసొన సంచి, అందులో ఒక నూనె చుక్క, ఇదీ దాని ఆస్తి. రెండో రోజు దాటి మూడో రోజు వచ్చేసరికి నోరు తెరుచుకుంటుంది, సొన దాదాపు అయిపోతుంది.

సాల్మన్ చేపతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. సాల్మన్ గుడ్డు బఠానీ గింజంత, 5, 6 మిల్లీమీటర్లు. చల్లని నీటిలో దాని పిల్ల వారాల తరబడి సొన మీదే బతికి, అవయవాలన్నీ సమకూర్చుకుని, ఆ తర్వాతే తిండి వెతుక్కుంటుంది. అందుకే సాల్మన్ పిల్లకు తొలి ముద్దగానే పొడి మేత పెట్టవచ్చు. తల్లి ఇచ్చిన సొన దాన్ని కడుపు తయారయ్యేదాకా మోసింది. పండుగప్ప తల్లి లక్షల గుడ్ల మధ్య ఆ సొనను పంచేసింది. ఒక్కో పిల్లకు దక్కింది రెండున్నర రోజుల గ్రాసం.

ఆ రెండున్నర రోజుల తర్వాత తిండి దొరకకపోతే ఏమవుతుంది? సముద్రంలో చేపల సంఖ్య ఏడాదికో తీరుగా ఎందుకు మారుతుందని ఆలోచించిన నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్, ఈ తొలి ముద్ద గడియే కీలకమని 1914లోనే ప్రతిపాదించాడు. తర్వాత 1963లో బ్లాక్స్‌టర్, హెంపెల్ అనే ఇద్దరు హెర్రింగ్ చేప పిల్లలపై పనిచేసి ఇంకో కఠిన సత్యం చెప్పారు. కొంత కాలం పస్తున్న పిల్ల ప్రాణంతోనే ఉంటుంది, ఈదుతూనే ఉంటుంది, కానీ అప్పుడు ఎదురుగా తిండి పెట్టినా తినలేదు. దాన్ని వాళ్లు తిరిగిరాని దశ అన్నారు. హేచరీలో పనిచేసే ప్రతి మనిషీ ఈ దశకు భయపడతాడు. తొట్టిలో పిల్లలు కదులుతూ కనిపిస్తున్నాయి కదా అని ధైర్యపడటానికి లేదు.

జీర్ణాశయం ఇంకా పుట్టలేదు

మూడో రోజు పండుగప్ప పిల్ల నోటి వెడల్పు మిల్లీమీటరులో నాలుగో వంతు దరిదాపుల్లో ఉంటుంది. ఆ నోటికి తగ్గ పొడి చేయడం నేటి యంత్రాలకు కష్టమేమీ కాదు. అసలు కష్టం నోరు దాటాక మొదలవుతుంది.

పెద్ద పండుగప్ప పక్కా మాంసాహారి. దాని జీర్ణాశయం ఆమ్లం స్రవిస్తుంది, పెప్సిన్ అనే ఎంజైము మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది. మూడు రోజుల పిల్లకు ఈ జీర్ణాశయమే లేదు. నోటి నుంచి తోక వైపు దాకా ఒక పొట్టి గొట్టం, అంతే. క్లోమం నుంచి వచ్చే ట్రిప్సిన్ వంటి ఎంజైములు ఉంటాయి కానీ కొద్దిపాటివే. ఆమ్లం లేదు కనుక మాంసకృత్తుల గట్టి ముడులు విప్పే తొలి పని జరగదు. ఆ లోటును పేగు చివరి భాగం కొంత పూడుస్తుంది. అక్కడి కణాలు మాంసకృత్తుల అణువులను అలాగే లోపలికి పీల్చుకుని, తమలోనే అరిగించుకుంటాయి. పని నెమ్మదిగా సాగుతుంది, అందులోనూ తిండి ముందే మెత్తగా, నీటిలో కరిగే రూపంలో ఉంటేనే.

బతికున్న సూక్ష్మజీవి సరిగ్గా ఆ రూపంలోనే ఉంటుంది. దాని ఒంట్లో ఎక్కువ భాగం నీరే. మాంసకృత్తుల్లో మంచి వాటా విడి అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా ముందే కరిగి ఉంటుంది. పొడి మేతలో వాడే చేపపిండి అలా కాదు. ఉడికించి, ఎండబెట్టి, పిండి కొట్టేసరికి దానిలోని మాంసకృత్తులు బిగుసుకుపోతాయి. పెద్ద చేప ఆమ్లంతో వాటిని విప్పుకుంటుంది. పిల్ల గొట్టంలోకి అవి వెళ్లి, చాలావరకు అలాగే బయటికి వస్తాయి. పొట్ట నిండుగా కనిపిస్తూనే పిల్ల ఆకలితో చచ్చిపోతుంది.

పండుగప్ప పిల్లలో జీర్ణాశయం రూపు కట్టేది రెండో వారం చివర. ఆమ్లం, పెప్సిన్ పనిలోకి దిగేది రెండు, మూడు వారాల మధ్య. హేచరీ క్యాలెండర్ మొత్తం ఈ ఒక్క సంగతి చుట్టూ తిరుగుతుంది.

మరి బొచ్చె, శీలావతి సంగతి? ఆ జాతి చేపలకు జీవితాంతం జీర్ణాశయం ఉండదు. అయినా తవుడు తిని బతుకుతాయి, ఎందుకంటే పెద్దయ్యాక వాటి పేగు చాలా పొడవు, గొంతులో నూరే పళ్లు ఉంటాయి. అయితే చిన్నప్పుడు వాటికీ సజీవ ఆహారమే దిక్కు. రైతు స్పాన్ అనే చిట్టి పిల్లలను వదలడానికి ముందు నర్సరీ చెరువులో పేడ, చెక్క వేసి నీళ్లు పచ్చబడనిస్తాడు కదా, ఆ నీటిలో పుట్టే జంతు ప్లవకాలే వాటి తొలి తిండి. అక్కడ చెరువు చేసిపెట్టే పనిని ఇక్కడ మనుషులు తొట్లలో చేస్తున్నారు.

కదిలే తిండి

పండుగప్ప పిల్లకు తొలి ఆహారం రోటిఫర్. తల మీద చక్రంలా తిరుగుతున్నట్లు కనిపించే నూగు ఉంటుంది కాబట్టి చక్రజీవి అనవచ్చు. పొడవు మిల్లీమీటరులో పదో వంతు నుంచి పదింట మూడు వంతుల దాకా. నెమ్మదిగా గిరికీలు కొడుతూ ఈదుతుంది. తడబడుతూ కాటు వేసే పిల్లకు కూడా దొరుకుతుంది. ఒకప్పుడు జపాన్‌లో ఈల్ చేపల చెరువుల్లో ఇవి విపరీతంగా పెరిగి నాచును తినేసి నీటిని పాడుచేస్తున్నాయని రైతులు తలలు పట్టుకునేవారు. ఆ చీడనే చేపపిల్లల తిండిగా వాడవచ్చని 1960లో తకాషి ఇతో చూపించాడు. ఆ తర్వాతే సముద్రపు చేపల హేచరీలు పెద్దఎత్తున నడవడం సాధ్యమైంది.

మిల్లీలీటరు నీటికి 10 చక్రజీవులు ఉంచాలంటే, రెండు వేల లీటర్ల తొట్టికి రెండు కోట్లు కావాలి. పిల్లలు తిన్నకొద్దీ మళ్లీ నింపాలి. చక్రజీవులకు తిండిగా నానోక్లోరాప్సిస్, క్లోరెల్లా వంటి సూక్ష్మ నాచును పెంచాలి. నాచు తొట్టి పాడైతే రెండు రోజుల్లో చక్రజీవులు తగ్గుతాయి, ఆ వెంటనే చేపపిల్లలు. గొలుసులో ప్రతి లంకే ఒక ప్రాణి. ఇదే సజీవ ఆహారంలోని అసలు బరువు.

ఎనిమిది, పది రోజులు దాటాక చక్రజీవి పిల్లకు చాలదు. అప్పుడు ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి వస్తుంది. ఆంధ్ర తీరంలో రొయ్య హేచరీల్లో పనిచేసినవారికి ఈ పేరు కొత్త కాదు. గోధుమరంగు పొడిలా టిన్నుల్లో వచ్చే ఆ నలుసులు నిద్రపోతున్న గుడ్లు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో గ్రేట్ సాల్ట్ లేక్ నీటి మీద తెట్టుకట్టి తేలుతుంటే పడవలతో పోగుచేసి, ఎండబెట్టి ప్రపంచమంతా పంపుతారు. ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి. ఉప్పునీటిలో వేసి, గాలి, వెలుతురు ఇస్తే ఒక రోజులో అర మిల్లీమీటరు పిల్లలు ఈదుతుంటాయి. ఒక్క గ్రాము గుడ్ల నుంచి రెండు లక్షలకు పైగా వస్తాయి. 1930లలో కాలిఫోర్నియాలో ఆల్విన్ సీల్, నార్వేలో గున్నార్ రోలెఫ్సెన్ వీటిని చేపపిల్లలకు పెట్టి చూసినప్పటి నుంచి ఇవి హేచరీలకు తప్పనిసరి అయ్యాయి.

ఆర్టీమియాలో పెద్ద లోపం ఒకటుంది. సముద్రపు చేపపిల్లల మెదడుకు, కంటిపొరకు కావలసిన డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం దానిలో దాదాపు ఉండదు. ఉప్పుసరస్సు జీవికి దానితో పనిలేదు. అందుకని పుట్టిన కొన్ని గంటలకు ఆర్టీమియా నోరు తెరిచి, ఎదురైన నలుసునల్లా వడగట్టి మింగడం మొదలుపెట్టగానే, దానికి చేపనూనె కలిపిన పాలలాంటి ద్రవం తాగిస్తారు. ఆ పొట్ట నిండిన ఆర్టీమియాను చేపపిల్ల తింటుంది. ఆలస్యం చేస్తే ఆర్టీమియా ఆ డీహెచ్ఏను తన సొంత లెక్క ప్రకారం వేరే కొవ్వుగా మార్చేసుకుంటుంది. కాబట్టి ఇక్కడ వేళ తప్పకూడదు.

పొడి మేతలోని చిక్కు

ఆర్టీమియా టిన్ను ఖరీదైనది. సరస్సులో పంట బాగోని ఏడాది ఇంకా ప్రియం. పైగా మూడు వారాలు నిండిన పిల్లకు ఆ చిన్న ప్రాణులతో కడుపు నిండదు. చెరువులో రైతు పెట్టబోయేది ఎటూ గుళికల మేతే. ఇన్ని కారణాలు పొడి మేత వైపు తోస్తుంటే, ఆ మేత తయారీలోనే ఒక వైరుధ్యం ఎదురవుతుంది.

పిల్ల పేగుకు సులువుగా ఉండాలంటే మేతలోని మాంసకృత్తులు కరిగే రూపంలో ఉండాలి. కరిగే రూపంలో ఉన్నది నీటిలో పడగానే కరిగిపోతుంది. నలుసు ఎంత చిన్నదైతే నష్టం అంత ఎక్కువ. మూడు మిల్లీమీటర్ల గుళికతో పోలిస్తే అదే బరువున్న 0.3 మిల్లీమీటర్ల పొడికి నీటికి తగిలే ఉపరితలం పదింతలు. అందుకే విడి అమైనో ఆమ్లాల్లో పెద్ద వాటా నిమిషాల్లో నీటి పాలవుతుంది. కారకుండా నలుసు చుట్టూ గట్టి పొర కప్పితే, ఆ పొరను విప్పలేక పేగు ఓడిపోతుంది. జిగురుతో బంధించిన పొడి కరిగిపోతుంది కానీ అరుగుతుంది, మందు గుళికలా పొర కప్పిన పొడి నిలుస్తుంది కానీ అరగదు. ఈ రెండిటి మధ్య సరైన చోటు వెతకడమే దశాబ్దాలుగా సూక్ష్మ మేత తయారీదారుల పని.

ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్‌లో, ఇఫ్రెమెర్ సంస్థలో షాంటాల్ కహు, జోసె జాంబోనినో ఇన్ఫాంతే ఈ చిక్కును లోపలి వైపు నుంచి పట్టుకున్నారు. వాళ్లు పనిచేసింది యూరప్ సీబాస్ మీద, అది పండుగప్పకు దూరపు బంధువు. మేతలోని మాంసకృత్తుల్లో కొంత భాగాన్ని ముందే ఎంజైములతో ముక్కలు చేసి, ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వును బాగా పెంచి ఇస్తే, నోరు తెరిచిన నాటి నుంచే పొడి మేత మీద పిల్లలను పెంచవచ్చని చూపించారు. ఇంకో ముఖ్యమైన సంగతి కూడా తేల్చారు. సరికాని మేత తొందరపడి పెడితే పిల్ల ఎదుగుదలతో పాటు పేగు పరిపక్వత కూడా వెనకపడుతుంది. అంటే ఏ అవయవం మీద ఆశపెట్టుకుని మేత మార్చామో, ఆ అవయవం తయారవడమే ఆలస్యమవుతుంది. మేత ఖర్చు తగ్గించుకోవాలని మూడు, నాలుగు రోజులు ముందే ఆర్టీమియా ఆపేసే హేచరీలు నష్టపోయేది ఇక్కడే. ఆ ఆదా చూడటానికి లాభంలా ఉంటుంది, పిల్లల లెక్కలో మాత్రం అప్పుగా తేలుతుంది.

మళ్లించే పది రోజులు

ఆరో నెలలో అన్నప్రాశన చేసిన ఇల్లు మర్నాటి నుంచే బిడ్డకు పాలు మాన్పించదు. నాలుగు మెతుకులు నోటికి రాస్తారు, రుచి చూపిస్తారు, పాలు పక్కనే ఉంటాయి. హేచరీలో చేసేదీ ఇదే. పదిహేనో రోజు దాటాక పొడి మేత, ఆర్టీమియా రెండూ పక్కపక్కన నడుస్తాయి. ఈ కలగలుపు మేత చేసే మొదటి పని కడుపు నింపడం కాదు, పరిచయం చేయడం.

ఎందుకంటే పండుగప్ప పిల్ల కంటితో వేటాడుతుంది. కదిలేదే తిండి అని దానికి పుట్టుకతో తెలుసు. పొడి నలుసు కదలదు, నేరుగా అడుగుకు దిగుతుంది. కిందకు చేరాక పిల్ల దాని మొహం చూడదు. అందుకే మేతను ఒకేసారి గుప్పెడు చల్లరు. చిటికెడు చిటికెడుగా, నీరు లోపలికొచ్చే చోట, గాలి బుడగలు పైకి లేచే చోట వేస్తారు. ప్రవాహంలో తిరుగుతున్న నలుసు కాసేపు ప్రాణిలా కనిపిస్తుంది. వాసన కూడా కలిసొస్తుంది. మేతలో స్క్విడ్, క్రిల్ పిండి కలపడంలో ఉద్దేశం అదే.

వేళ కూడా ముఖ్యం. రాత్రంతా తినక ఉదయం ఆకలిగా ఉన్నప్పుడు ముందు పొడి మేత, కొంత సేపయ్యాక ఆర్టీమియా. రోజులు గడిచేకొద్దీ ఆ మధ్య విరామం పెంచుతారు, ఆర్టీమియా పూటలు ఒక్కొక్కటిగా తగ్గిస్తారు. వారం, పది రోజులకు పొడి మేత మీదికి పూర్తిగా తెస్తారు. పొడి సైజు కూడా నోటితో పాటు పెరుగుతుంది, 0.3 మిల్లీమీటర్ల దగ్గర మొదలై నెల దాటేసరికి మిల్లీమీటరుకు చేరుతుంది.

పిల్ల మళ్లిందో లేదో తెలుసుకోవడానికి చక్కని గుర్తు ఉంది. కొన్ని పిల్లలను గాజు బీకరులో తీసి వెలుతురుకు ఎదురుగా పెడితే ఒళ్లు పారదర్శకంగా ఉండటం వల్ల పొట్ట లోపలిది కనిపిస్తుంది. ఆర్టీమియా తిన్న పొట్ట నారింజ రంగు. పొడి మేత తిన్నది ముదురు గోధుమ. పది పిల్లల్లో ఎన్నిటి పొట్ట ఏ రంగులో ఉందో చూసి, ఆ రోజు ఆర్టీమియా తగ్గించాలా, ఇంకో రోజు ఆగాలా అన్నది తేలుస్తారు. పుస్తకంలో రాసిన తేదీ కన్నా ఈ రంగే నమ్మదగ్గది.

ఈ రోజుల్లోనే నీరు పాడవుతుంది. బతికున్న ఆర్టీమియా తినకపోయినా ఈదుతూ ఉంటుంది. తినని పొడి మాత్రం అడుగున కుళ్లి అమ్మోనియా పెంచుతుంది, విబ్రియో వంటి బ్యాక్టీరియాకు మేత అవుతుంది. అందుకే పూటపూటా అడుగును సైఫన్‌తో లాగేస్తారు, నీటి మార్పిడి పెంచుతారు. మేతలోని నూనె నీటి మీద పలుచని పొరగా కడితే దాన్నీ తీసేయాలి. మేత మళ్లింపులో సగం పని మేత వేయడం, మిగతా సగం వేసిన మేతను తీసేయడం.

వెనకబడ్డ పిల్లలు

ఎంత జాగ్రత్తగా చేసినా అన్ని పిల్లలూ ఒకే రోజు మళ్లవు. తొలి రోజే గుళిక రుచి పట్టిన పిల్ల చకచకా ఎదుగుతుంది. ఆర్టీమియా కోసమే చూసే పిల్ల చిక్కిపోతుంది, తల పెద్దగా, పొట్ట లోపలికి పోయి కనిపిస్తుంది. వారం తిరిగేసరికి ఒకే తొట్టిలో రెండు సైజులు తయారవుతాయి. పండుగప్ప విషయంలో ఇది ప్రమాదకరం. తన పొడవులో సగానికి మించిన తోబుట్టువును కూడా మింగగల నోరు దానిది. పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, ఇంకా పెద్దదవుతుంది, మరుసటి రోజు ఇంకొకదాన్ని మింగుతుంది. కొన్నిసార్లు సైజు తప్పుగా అంచనా వేసి గొంతులో ఇరుక్కుని రెండూ చస్తాయి.

ఈ తిండిపోతుతనం పిల్లల స్వభావమేనని వదిలేయడం పొరపాటు. సరిగ్గా సాగని మేత మళ్లింపే సైజుల తేడాను పెంచుతుంది, ఆ తేడా తోబుట్టువులను మింగడానికి దారి తీస్తుంది. అందుకే కొన్ని రోజులకొకసారి జల్లెడ పట్టి, సైజుల వారీగా వేరు తొట్లలోకి విడదీస్తారు. గ్రేడింగ్ అనే ఈ పని విసుగు పుట్టిస్తుంది, పిల్లలను కొంత ఒత్తిడికి గురిచేస్తుంది కూడా. కానీ ఒక వారం మానేస్తే తొట్టిలో పిల్లల సంఖ్య ఎంతగా పడిపోతుందో చూసినవారు మళ్లీ మానరు. వేరు చేసిన చిన్నవాటికి ఇంకొన్నాళ్లు ఆర్టీమియా ఇచ్చి రెండో అవకాశం ఇవ్వవచ్చు.

ఇదే బాధ తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనుకూ ఉంది. అది మంచినీటి చేప. తల్లిదండ్రుల కాపలాలో గుంపుగా తిరిగే కొర్రమీను పిల్లలు ప్రకృతిలో ప్లవకాలనే తింటాయి. వాటినీ గుళికల మేతకు మళ్లించాకే పెంపకం సాఫీగా సాగుతుంది, ఒకదాన్నొకటి తినే గుణమూ వాటికుంది. తొలి రోజుల తిండి, తొట్టి నీరు వేరు. వేటాడే చేపను గుళికకు అలవాటు చేసే సూత్రాలు మాత్రం మారవు.

పండుగప్ప రైతుకు ఈ వివరాలన్నీ ఒక్క ప్రశ్నగా మిగులుతాయి: కొంటున్న పిల్ల గుళికకు అలవాటు పడిందా? పడని పిల్లను చెరువులో వదిలితే దానికి చిన్న తిలాపియాలనో, ముక్కలు కోసిన పచ్చి చేపనో పెట్టాలి. పచ్చి చేప రోజూ ఒకే నాణ్యతలో దొరకదు, నీటిని పాడుచేస్తుంది, జబ్బులను మోసుకొస్తుంది. కాబట్టి పిల్లల ధర మాట్లాడటానికి ముందు హేచరీ తొట్టి దగ్గర నిలబడి గుళికలు వేయించి చూడాలి. మళ్లిన పిల్లలు నీటి మీదికి ఎగిసి పట్టుకుంటాయి. గుళికలు అడుగుకు చేరేదాకా ఊరుకుంటే, ఇంకో వారం ఆగి తీసుకెళ్తామని చెప్పడమే మేలు.